లంకలో తూర్పు ముఖం పొయ్యి

"ఆ లైను మళ్ళీ చదువు," అన్నాను.

"ఏ లైనూ లేదు. ఫారం అయిపోయింది," అంది మనవరాలు, ఫోను వెనక్కి దాచుకుంటూ.

"ఉంది. ఇంటివాళ్ళు ఒకరు కూడా రావచ్చు అని ఇందాక నువ్వే చదివావు. నాకేం చెముడు లేదు."

"అది మొగుళ్ళ కోసం, పెళ్ళాల కోసం పెట్టిన లైను అమ్మమ్మా! నీ కోసం కాదు."

"మొగుడు అని రాసి ఉందా అందులో?"

"లేదు కానీ..."

"లేదు కదా. మరి నేను ఇంటిమనిషినా, కాదా?"

"నువ్వొస్తే ఆఫీసంతా నన్ను చూసి నవ్వుతుంది."

"నవ్వనీ. అంతంత జీతాలు తీసుకుని నవ్వడం కూడా రాకపోతే ఎలా?"

అందరూ ఆ రోజుల్లో అంటూ పదేళ్ళప్పటి సంగతులో, పదహారేళ్ళప్పటి సంగతులో చెబుతారు. నాకు ఆ వయసులో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. మూడో తరగతితో బడి మానిపించారు. పదమూడో ఏట మా అమ్మ మంచం పట్టింది, గరిటె నా చేతికొచ్చింది. ఆ రోజు పెద్దదాన్నయినదాన్ని ఇక యాభై ఏళ్ళు పెద్దదానిగానే ఉండిపోయాను. ఒక్క చిలిపి పని చేసింది లేదు, ఒక్క పూట ఊరికే తిరిగింది లేదు, ఎవరి చేతా చీవాట్లు తిన్నది లేదు (పెట్టింది మాత్రం చాలా ఉంది). అందుకే నా చిన్నతనం అరవై నాలుగో ఏట వచ్చింది. ఆలస్యంగా వచ్చే సిటీ బస్సులాగా కిక్కిరిసి వచ్చింది. నేను ఫుట్‌బోర్డు మీద నిలబడైనా ఎక్కేశాను. ఆ కథే ఇది. జరిగి ఎన్నో ఏళ్ళు కాలేదు గానీ, ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నేను నాకంటే చాలా చిన్నపిల్లలా కనిపిస్తుంది.

మేముండేది చందానగర్‌లో. మా అమ్మాయి, అల్లుడు గారు, ఈ పిల్ల, నేను. పిల్లకి మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం. వాళ్ళ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఏడాదికోసారి ఓ పదిమందిని ఏదో ఒక దేశం పంపి, మూడు వారాలు కూలి లేని పని చేయిస్తారు. దాన్ని వాలంటీరింగ్ అంటారట. మా ఊళ్ళో కూలి లేని పనిని కాపురం అనేవాళ్ళు. ఆ లెక్కన నాకున్నంత అనుభవం ఆ ఆఫీసులో ఎవరికీ లేదని నేను చెబితే, పిల్ల తల పట్టుకుంది. ఆ ఏడు వాళ్ళు వెళ్ళేది శ్రీలంక. సముద్రం పక్కన ఒక పల్లె, అందులో చిన్నపిల్లల బడి.

నవ్వులాటకి అంటున్నాను గానీ, ఆ లైను విన్నప్పుడు నా గుండె దడదడలాడిన మాట నిజం. నా ఎనిమిదో ఏట మా ఊరి మీదికి తుఫాను వచ్చింది. ఇంటి కప్పు ఎగిరిపోయింది. బడి అరుగు మీద అందరం తడిసి ముద్దయి కూర్చుంటే, ఎక్కడివాళ్ళో, మన మాట రానివాళ్ళు, లారీలో వచ్చి గుండిగలు దింపి అన్నం వండారు. వాళ్ళలో కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ నా ఆకులో అన్నం వేసి, నేను ఇంకా ఆవిడ మొహమే చూస్తుంటే, మాట్లాడకుండా ఇంకో గరిటె వేసింది. ఆవిడ ఎవరో, ఏ ఊరో ఈ నాటికీ తెలీదు. నా బతుకులో నేను ఎంతమందికి వండి వార్చినా వాళ్ళంతా నా వాళ్ళే. నాకు ఏమీ కానివాళ్ళకి, అంత దూరం వెళ్ళి, ఒక పని చేసి రావాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే దండగ ఖర్చు అంటారని భయం. (మా ఇంట్లో ఆ మాట అనేది నేనొక్కదాన్నే అనుకోండి.)

మూడు రోజులు పిల్ల నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు మా అమ్మాయి, "అమ్మ తోడుంటే నాకూ నిశ్చింతే. లేదంటే దీన్ని ఒక్కదాన్నీ సముద్రం దగ్గరికి పంపనే పంపను," అని తేల్చేసింది. దాంతో నా పని సులువైంది, పిల్ల నాతో మాట్లాడడం మొదలుపెట్టింది. మొదటి మాట, "పాస్‌పోర్ట్ ఆఫీసులో ఎవరితోనూ పోట్లాడకు." పోట్లాడలేదు. ఫోటోకి నవ్వకూడదు అన్నారు, ఆ సంగతి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. వేలిముద్రల దగ్గర మాత్రం ఆలస్యమైంది. మెషీన్ మీద ఏ వేలు పెట్టినా ఏమీ పడదు. యాభై ఏళ్ళు బూడిదతో అంట్లు తోమితే గీతలు ఎక్కడ మిగులుతాయి! అక్కడున్న అమ్మాయి నా వేళ్ళు తుడిచి, తడిపి, నొక్కి, చివరికి, "ఇన్నేళ్ళూ ఏం పని చేశారండీ?" అంది. "వాలంటీరింగ్," అన్నాను.

వెళ్ళేవాళ్ళందరికీ మాదాపూర్ ఆఫీసులో ఒక రోజు శిక్షణ పెట్టారు. నేను ఉన్న ఒక్క పట్టుచీరా కట్టుకుని వెళ్ళాను. అద్దాల మేడ. లోపల ఎండాకాలంలోనే శీతాకాలం. లిఫ్టులో నొక్కడానికి బొత్తాలే లేవు, బయటే నొక్కి లోపలికి వచ్చి నోరుమూసుకుని నిలబడాలట. మమ్మల్నందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి ఏమేం పనులు వచ్చో చెప్పమన్నారు. ఒకడు గిటార్ అన్నాడు. ఒకమ్మాయి ఫోటోలు అంది. ఇంకొకడు నాయకత్వం అన్నాడు. (అది కూడా ఒక పనేనట.) నా వంతు వచ్చింది. లేచి నిలబడి, "నాకు అన్నీ వచ్చు, కూర్చోవడం ఒక్కటే రాదు," అన్నాను. పిల్ల బల్ల కింద దూరడానికి చోటు వెతుక్కుంది.

మా బృందానికి పెద్ద ఒక అబ్బాయి. సిద్దిపేట వైపు వాడు, ముప్పై ఏళ్ళుంటాయి, మనిషి వెన్న. ప్రతి మాటకీ 'ఫికర్ చేయకుండ్రి' అంటాడు కాబట్టి నేను వాణ్ణి ఫికర్ బాబు అనేదాన్ని, చివరికి వాళ్ళ ఆఫీసులో కూడా అదే పేరు పడిపోయింది. ఆ ఫికర్ బాబు నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "అమ్మా, మీరు తోడు కింద వస్తున్నరు. మీకు పనేం లేదు. జర నీడల కూసోని పిల్లల్ని చూస్కోండ్రి, చాలు," అన్నాడు.

"కూర్చోవడానికి మా చందానగర్‌లో కుర్చీ లేదా నాయనా?"

"గట్ల కాదమ్మా, మీ వయసుకి..."

"నా వయసు సంగతి నా మోకాళ్ళు చూసుకుంటాయి. నువ్వు పని చెప్పు."

"చెప్తనమ్మా, ఫికర్ చేయకుండ్రి. గని ఒక్క రూలు. అక్కడ ఏదన్న గొడవైందంటే వెనక్కి పంపిస్తరు. తోడొచ్చినోళ్ళనే కాదు, తోలుకొచ్చినోళ్ళను కూడ."

పిల్ల నా వైపు చూసింది. ఆ చూపులో ఉన్నది బెదిరింపు కాదు, బతిమాలడం. ఈ ప్రయాణం కోసం అది రెండేళ్ళుగా పేరు ఇస్తుంటే ఇప్పటికి వచ్చిందట. నేను తల ఊపాను. ఎంత గట్టిగా ఊపానంటే కొప్పు వదులైంది.

ఇక నా హడావుడి చూడాలి. రోజూ తెల్లారగట్ల పెట్టెలో రెండు బియ్యం సంచులు పెట్టి, మా అపార్టుమెంటు కింద కార్ల మధ్య ఆ చివరి నుంచి ఈ చివరికి లాక్కుంటూ నడక నేర్చుకున్నాను. వాచ్‌మన్ మొదటిరోజు, "అమ్మగారూ, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?" అని అడిగాడు. రెండో రోజు నుంచి వాడే పెట్టె దారిలో ఉన్న బైకులు జరిపి పెట్టేవాడు. రాత్రి పడుకుంటే నిద్ర పట్టదు. లేచి పెట్టె తెరవడం, అందులో ఉన్నవి అందులో ఉన్నాయో లేదో చూడడం, మూయడం. పిల్ల ఫోనులో వాళ్ళ భాష పాఠాలు పెట్టింది. ఇరవై మాటలు నేర్చుకుంటే పంతొమ్మిది విమానంలో మర్చిపోయాను. విమానం కంటే ముందు ఎయిర్‌పోర్టులో, నీళ్ళ సీసా లోపలికి తీసుకెళ్ళకూడదు, పారబోయండి అన్నారు. శుభ్రంగా కాచి చల్లార్చిన నీళ్ళు! ఎదురుగా నిలబడి లీటరు నీళ్ళూ తాగేసి, ఖాళీ సీసా సంచీలో పెట్టుకున్నాను. ఆ పోలీసాయన సెల్యూట్ కొట్టినంత పని చేశాడు. తర్వాత విమానంలో బెల్టు పెట్టుకోండి, లేవకండి అని గంట మోగినప్పుడల్లా నేను పడ్డ బాధ, అది వేరే కథ.

దిగాక ఆ పల్లె చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఎక్కడ చూసినా కొబ్బరిచెట్లు, ఎర్రమట్టి దారి, పడమటి నుంచి ఎడతెగని సముద్రపు గాలి. బడి అంటే రెండు గదులు. ఎదురుగా తాటాకు కప్పు వేసిన వంటపాక. నలభై మంది పిల్లలు వరసగా నిలబడి, నన్ను చూడగానే 'ఆచ్చీ' అని అరిచారు. ఆచ్చి అంటే అమ్మమ్మట. పరాయి దేశం వెళ్తే ఎవరైనా కొత్త పేరు వస్తుందేమో అనుకుంటారు, నాకు అక్కడా అదే పదవి. కొంగు దోపి, ఏం పని చేయాలా అని నేను చూస్తుంటే, ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి చెట్టు కింద వేశారు. "వాడి వెన్న" అన్నారు. నాకు గుర్తున్న ఆ ఒక్క మాటా అదే. కూర్చోండి అని.

ఆ కుర్చీ నన్ను వేటాడిందంటే నమ్మండి. వంటపాక వైపు వెళ్తే వంటపాక దగ్గరికి, బావి దగ్గరికి వెళ్తే బావి దగ్గరికి, ఎవరో ఒకరు దాన్ని మోసుకుంటూ వెనకాల వచ్చేవాళ్ళు. వాడి వెన్న, వాడి వెన్న. చీపురు పట్టుకుంటే నవ్వుతూ లాక్కునేవాళ్ళు. పెద్దవాళ్ళ చేత పని చేయించడం వాళ్ళ దగ్గర తప్పుట. మన దగ్గర ఆ తప్పు ఎవరికీ తెలియకపోబట్టే గదా నేను యాభై ఏళ్ళు చేశాను! మొదటి రెండు రోజులు కొబ్బరినీళ్ళు తాగడం తప్ప నేను చేసింది ఏమీ లేదు. ఇంత దూరం కొబ్బరినీళ్ళు తాగడానికి వచ్చానా అని, ఇచ్చిన ప్రతి బొండానికీ నాకు సిగ్గుగా ఉండేది. (తాగకుండా మాత్రం ఏదీ వదల్లేదు. పారేస్తే పాపం కదా.)

మూడో రోజు మనవాళ్ళు డబ్బాలు, బ్రష్‌లు పట్టుకుని బడి గోడకి రంగు వేయడానికి దిగారు. వంటపాక వైపు ఉన్న పడమటి గోడ. నా కుర్చీ సరిగ్గా దానికి ఎదురుగా వేశారు. పని లేని మనిషికి గోడే గదా తోడు. చూస్తూ చూస్తూ, గోడ శుభ్రంగానే ఉంది, ఎందుకు రంగు అనిపించింది. లేచి వెళ్ళి, పిన్నీసు తీసి ఒక మూల గీకాను. పసుపు కింద నీలం. నీలం కింద గులాబి. గులాబి కింద ఆకుపచ్చ. ఇంకా గీకితే ఇంకా వచ్చాయి. ఎనిమిది పొరలు లెక్కపెట్టాక పిన్నీసు వంగిపోయింది.

"ఏమే, ఇలా రా," అని మనవరాల్ని పిలిచాను. "ఇది గోడా, హల్వానా? వచ్చిన ప్రతివాడూ ఈ గోడకే రంగు వేసి పోతున్నాడు."

పిల్ల చూసింది. టీచరమ్మని ఇంగ్లీషులో అడిగింది. టీచరమ్మ సిగ్గుపడుతూ నవ్వి ఏదో చెప్పింది.

"ఏమంటుంది?"

పిల్ల గొంతు తగ్గించింది. "వచ్చినవాళ్ళందరికీ రంగు వేయడం ఇష్టమట. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళని వద్దని ఎలా అంటామండీ అంటోంది."

"చూశావా! వాళ్ళు మనకి సేవ చేస్తున్నారు. ఆపండి ఆ బ్రష్‌లు!"

ఫికర్ బాబు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఏందమ్మా ఇది? లిస్టుల గోడ పని ఉన్నది. ఫోటోలు పంపకుంటే పైనోళ్ళు నన్ను తింటరు. మీరు జర కూసోండ్రి, మీకు దండం పెడ్త."

పిల్ల అందరి ముందూ ఏమీ అనలేదు. సాయంత్రం మా గదిలో అంది. "నీకు అన్నిట్లో తప్పులే కనిపిస్తాయి అమ్మమ్మా. మేమేదో మంచి చేద్దామని వచ్చాం."

"ఏదో చేయడం కాదే. వాళ్ళకి ఏం కావాలో అది చేయాలి."

"అది నీకు తెలుసా?"

"నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మొహంలో ఎంత ధీమా ఉందో అద్దంలో కూడా చూసుకున్నాను.

నాకు కనిపించిందేమిటంటే, వంటపాకలో పొయ్యి. వంటావిడ నా ఈడుదే, బలమైన మనిషి, ఎప్పుడూ చేతిలో పొడుగాటి గరిటె. పిల్లలకి ఆవిడా ఆచ్చే కాబట్టి నేను గరిటె ఆచ్చి అనుకునేదాన్ని. రోజూ నలభై మందికీ ఆకుపసరు, కొబ్బరిపాలు పోసి జావ కాస్తుంది. ఆ పొయ్యి ముందు ఆవిడ ఉత్తరం వైపు తిరిగి కూర్చుని వండుతోంది! పైగా పడమటి వైపు వెలుతురు రాకుండా పెద్ద తడిక అడ్డం. తూర్పు ముఖంగా వండాలన్న సంగతి కూడా తెలియదు పాపం అనుకున్నాను. మా చందానగర్ ఫ్లాటు కొనేముందు వంటగది తూర్పుకి లేదని అల్లుడు గారి చేత నాలుగు ఫ్లాట్లు వదిలేయించినదాన్ని, నా కళ్ళ ముందు ఇంత ఘోరం చూస్తూ కూర్చుంటానా? మట్టి పొయ్యి వేయడంలో మా ఊళ్ళో నన్ను మించినవాళ్ళు లేరు. ఇదీ పని అంటే. దీని కోసమే నేను వచ్చాను!

ఆదివారం మనవాళ్ళంతా ఈతకి పోయారు. బడికి సెలవు. నేను ఒళ్ళు నొప్పులని చెప్పి ఉండిపోయి, నేరుగా వంటపాకకి వెళ్ళి, పాత పొయ్యి పగలగొట్టాను. తడిక ఊడదీసి పక్కన పడేశాను. ఎర్రమట్టి, ఊక, కొంచెం పేడ కలిపి తొక్కుతుంటే, నా కాళ్ళకి పదిహేనేళ్ళ వయసు వచ్చినట్టుంది. పాట కూడా వచ్చింది నోటికి. (నేను పాడతానని మా అమ్మాయికి కూడా తెలీదు.) సగంలో గరిటె ఆచ్చి వచ్చింది. పాకనీ, పగిలిన పొయ్యినీ, నన్నూ చూసి అలాగే నిలబడింది. తర్వాత మాట్లాడకుండా వెళ్ళి బావిలోంచి నీళ్ళు తోడి తెచ్చి నా పక్కన పెట్టింది. మెచ్చుకుంటోంది అనుకున్నాను. తూర్పు చూపించి, సూర్యుణ్ణి చూపించి, దండం పెట్టి ఇలా కూర్చోవాలి అని నేర్పాను కూడా. ఆవిడ ఎంత బుద్ధిగా తల ఊపిందో!

రెండు రోజులు గడ్డి మంట వేసి పొయ్యి ఆరబెట్టాను. ఆ రెండు రోజులూ ఆవిడ ఎండలో మూడు ఇటుకల మీద జావ కాసింది. పనివాళ్ళకి ఆ మాత్రం కష్టం తప్పదు అనుకున్నాను. ఈలోగా మనవాళ్ళు నా మాట వినకుండా గోడకి పిస్తా రంగు వేసేశారు. ఫికర్ బాబు మాత్రం నా పొయ్యి చూసి, "అమ్మా, కమాల్ చేసిన్రు! ఇది కూడ రిపోర్టుల రాస్త," అన్నాడు. పిల్ల కూడా నా భుజం మీద చెయ్యి వేసి, "సారీ అమ్మమ్మా. నువ్వు చెప్పిందే కరెక్టు," అంది. బుధవారం పొద్దున, గోడ మీద చివరి పూత ఇంకా తడిగా ఉండగానే, అందరినీ పిలిచి పొయ్యికి పసుపు రాసి బొట్టు పెట్టి, గరిటె ఆచ్చిని తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, నేనే అగ్గిపుల్ల గీశాను. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగకముందే సముద్రం నుంచి గాలి వచ్చింది.

మనిషి తూర్పుకి కూర్చుంటే పొయ్యి నోరు పడమటికే కదా, పడమటి గాలి అందులోకి సూటిగా దూరింది. అడ్డం తడిక ఉంటే గదా! మంట బుస్సుమని అటువైపు లేచింది. పచ్చి కొబ్బరిమట్టలు, వాటి పొగ ఎంత నల్లగా ఉంటుందో చెప్పలేను, ఒక్క ఉదుటున తూర్పుకి, అంటే బడి మీదికి పోయింది. లోపల నలభై మంది దగ్గు. టీచరమ్మ పిల్లల్ని బయటికి తోలింది. వాళ్ళకి సెలవు ఇచ్చారనుకుని ఒకటే కేరింతలు. నేను నీళ్ళు పోస్తే పొగ రెట్టింపయింది. అంతా అయ్యాక కళ్ళు తుడుచుకుని చూస్తే, తడి ఆరని ఆ పిస్తా రంగు గోడ నిండా మసి, బూడిద అంటుకుని, నువ్వులద్దిన అరిసెలా ఉంది.

నేనే ఆ నీలం కుర్చీ ఎక్కడుందో వెతుక్కుని వెళ్ళి కూర్చున్నాను. కాసేపటికి పిల్ల వచ్చి నా పక్కన నేల మీద చతికిలబడింది. "అమ్మమ్మా, టీచరమ్మని అడిగాను. ఆ పాత పొయ్యి పోయిన నెలే ఆవిడ తన చేత్తో కొత్తగా వేసుకుందట. గాలికి అడ్డమనే ఆ తడిక కట్టిందట."

"మరి ఆదివారం నాకెందుకు చెప్పలేదు?"

పిల్ల, "అంత దూరం నుంచి వచ్చినవాళ్ళని వద్దని ఎలా అంటాం అందట," అంది.

పిస్తా రంగుతో తొమ్మిది పొరలైన గోడకి పదో పొర నేనే అయ్యాను. ఇప్పుడు నన్ను వెనక్కి పంపిస్తారు, నాతోపాటు ఈ పిల్లనీ పంపిస్తారు అనుకుని కుర్చీలోంచి లేచాను. ఫికర్ బాబు దగ్గరికి వెళ్ళి, "నన్నొక్కదాన్నే పంపు నాయనా. దాని తప్పేం లేదు," అన్నాను. జీవితంలో నేను ఒకరిని బతిమాలడం అదే మొదలు.

వాడు మొహానికి అంటిన మసి తుడుచుకుంటూ గోడ వైపు చూశాడు. నవ్వు ఆపుకుంటున్నాడని తర్వాత తెలిసింది. "ఏమని పంపాలమ్మా? పొగొచ్చింది, పోయింది అని రాయాల్నా? ఫికర్ చేయకుండ్రి. నిజం చెప్పాల్నంటే, ఇప్పుడైతేనే గోడకు పెయింట్ కావాలె."

ఆ సాయంత్రం నేను అన్నం తినలేదు. అరవై నాలుగేళ్ళ ముసలమ్మ, పరాయి దేశంలో, చేసిన పనికి సిగ్గుపడి అలిగి పడుకుంది. ఇప్పుడు తలుచుకుంటే దాన్ని దగ్గరికి తీసుకుని, లేవే పిచ్చిదానా, అందరూ ఏదో ఒక వయసులో ఇలాంటిది ఒకటి చేస్తారు, నీకు కాస్త ఆలస్యమైంది అంతే, అని చెప్పాలనిపిస్తుంది.

మర్నాడు తెల్లవారగానే, ఎవరూ లేవకముందే నా పొయ్యి నేనే తీసేద్దామని వంటపాకకి వెళ్ళాను. గరిటె ఆచ్చి అప్పటికే సగం పగలగొట్టేసింది. నన్ను చూసి నవ్వలేదు, లేచి నిలబడలేదు. నానబెట్టిన మట్టి ముద్ద ఒకటి నా వైపు తోసింది. ఇద్దరం కలిసి పాత చోటే, పాత ముఖానే పొయ్యి వేశాం, తడిక కట్టాం. అది ఆరేదాకా జావ బయట ఇటుకల మీదే కదా. ఆవిడ నా ముందు తురుము పీట పడేసి, కొబ్బరిచిప్పల బుట్ట పెట్టింది. కోరడం మొదలుపెట్టాను. అవతల మనవాళ్ళు మళ్ళీ గోడకి రంగు వేస్తున్నారు. పదకొండు చిప్పలు కోరాను. పన్నెండోది ఆవిడ నా చేతిలోంచి లాక్కుని, వాళ్ళ భాషలో గట్టిగా కసిరింది. చిప్ప అడుగు వేలితో గీకి చూపిస్తే అర్థమైంది, నల్లపొర దాకా, ఏదీ పోకుండా కోరేస్తున్నానట, పాలు రంగు మారిపోతున్నాయట. నేను తల వంచుకుని, పదమూడో చిప్ప తీసుకున్నాను.